ముందే ఎత్తిపెట్టిన గిన్నె

ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి ఒక గొప్ప సౌకర్యం ఉంటుంది. ఏదో ఒక పుస్తకంలో నాలుగు పేజీలు చదివితే చాలు, ఆ నాలుగు పేజీలు చదవకుండానే పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, జుట్టు నెరిపించుకున్న లోకం మొత్తం మీద జాలి పుట్టుకొస్తుంది. ఆ రోజుల్లో నాకు ఆ జాలి కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి డిగ్రీ చదువుకుని, సాయంత్రం తిరిగి బస్సు దిగేసరికి, మా ఇంట్లోవాళ్ళూ మా వీధివాళ్ళూ మా సంఘంవాళ్ళూ ఎంత చీకట్లో బతుకుతున్నారో కదా అని గుండె బరువెక్కేది. (నా గురించి ఎవరికైనా గుండె బరువెక్కిందో లేదో తెలియదు. అడిగే తీరిక ఉండేది కాదు. నేను మాట్లాడుతూ ఉండేదాన్ని.) ఇప్పుడు పులివెందులలో పిల్లలకు చరిత్ర పాఠం చెబుతుంటే, ముందు బెంచీలోంచి ఏ అమ్మాయైనా "కాదు మేడం" అని లేచి నిలబడితే, నాకు కోపం రావలసిన చోట కజ్జికాయల వాసన వస్తుంది. అదెందుకో చెబుతాను.

మాది పాతకాలపు క్రైస్తవ కుటుంబం. మా తాతల తాతలు దొరల కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నారు. నాయన బడిలో పంతులు, గుడిలో, అంటే మా చర్చిలో, సంఘపెద్ద. పక్కిల్లు అత్తవాళ్ళది. అత్త అంటే రక్తసంబంధం కాదు. వాళ్ళు గొర్రెలు మేపుకుంటూ, కాస్త నల్లరేగడి సంపాదించుకుని శనగ వేసుకునే హిందూ కుటుంబం. ఆమె మా అమ్మను వదినా అనేది, నాయనను అన్నా అనేది. కాబట్టి నాకు అత్త. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ, ఆ గోడ మీదుగా నడిచేది ఒక స్టీలు గిన్నె. దాని కథ ఏమిటంటే, మా అమ్మ విగ్రహాలకు నైవేద్యం పెట్టినవి తినదు. అది ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన పట్టింపు. పక్కింట్లో ఉగాదికి ఓళిగలు, అవే బొబ్బట్లు, కాలుస్తుంటే ఆ నేతి వాసనకు మా ఇంటి గోడలు కూడా ఊగేవి గానీ అమ్మ కదిలేది కాదు. అత్త కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు ఈ సంగతి తెలుసుకుని, దేవునికి చూపించకముందే పొయ్యి దగ్గరే ఒక గిన్నెలోకి కొన్ని తీసి మూతపెట్టి, గోడ మీద పెట్టి కేకేసిందట: "వదినా, నీకు ముందే ఎత్తిపెట్టినా. ఇంకా మా దేవుని కంట పడలేదు. తిను." ఆ రోజు నుంచి ఉగాదికి ఓళిగలు, చవితికి కుడుములు, దసరాకు ఏదో ఒకటి, అన్నీ దేవుని కంట పడకముందే గోడెక్కి మా ఇంటికి వచ్చేవి. ఖాళీ గిన్నె తిరిగి పంపే ఆచారం మా వైపు లేదు గనుక మధ్యలో ఏ కూరో పప్పో వేసుకుని పోయేది, దసరాకు వచ్చాక మాత్రం ఆగి క్రిస్మస్‌కు కజ్జికాయలతో అటు పోయేది.

ఇక మా క్రిస్మస్ సంగతి. పొద్దున్నే, గుడికి పోకముందు, చేసిన వంటలన్నీ చాప మీద వరసగా పెట్టి నాయన ప్రార్థన చేసేవాడు. నాయన ప్రార్థన అంటే అదొక జిల్లా పర్యటన. దేశంతో మొదలుపెట్టి, వానలు, మైలవరం ఆనకట్ట నీళ్ళు, శనగ పంట, పరీక్ష తప్పిన పిల్లలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, అందరినీ పేరుపేరునా పలకరించి, చివరికి పక్కింటి గొర్రెలకు రోగం రొష్టు రాకుండా చూడమని అడిగి ఆమెన్ అనేవాడు. అప్పటికి వడలు చల్లారిపోయి చెక్కల్లా అయ్యేవి. ఆ తర్వాతే గిన్నె నింపడం, గోడ మీద పెట్టడం. ఇట్లా ఏళ్ళ తరబడి జరిగింది. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు, ఆలోచించే అవసరం రాలేదు. నేను చదువుకునేదాకా.

డిగ్రీ చివరి ఏడు మా హిస్టరీ మేడం ఒక లావాటి ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చి రోము సామ్రాజ్యం మీద వ్యాసం రాయమంది. రోము సామ్రాజ్యం నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్క అధ్యాయమే. డిసెంబరు ఇరవై ఐదు అసలు రోమువాళ్ళ సూర్యదేవుని పండుగ అట. దీపాలు, పచ్చకొమ్మలు, కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం, ఇవన్నీ క్రైస్తవులు కాని వాళ్ళు అంతకుముందే చేసుకునేవాళ్ళట. ఈస్టరుకు గుడ్లకు రంగులు వేసేది కూడా పాతకాలపు వసంతం పండుగ ఆచారమే అట. (ఆ తర్వాత ఇంకా లావు పుస్తకాలు చదివాను. ఆ తేదీ సూర్యుని పండుగ నుంచి వచ్చిందా, ఇంకేదైనా లెక్క నుంచి వచ్చిందా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నా పుస్తకం ఆ కొట్లాట సంగతి చెప్పలేదు. చెప్పినా నేను వినే స్థితిలో లేను.) ప్రొద్దుటూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి ఆ పేజీలు రెండోసారి చదువుతుంటే నాకు ఒళ్ళంతా వేడెక్కింది. జ్వరం కాదు, జ్ఞానం.

ఆ సాయంత్రమే ఇంట్లో ప్రకటించాను. నాయన పేపరు చదువుతున్నాడు. "క్రిస్మస్ మనది కాదు నాయనా. అన్యులది. మనం ఇన్నాళ్ళూ సూర్యుని పండగ చేసుకుంటాండాం" అన్నాను. నాయన పేపరు దించకుండానే, "సరే. సెలవు మాత్రం ఇస్తారు గదా?" అన్నాడు. అమ్మ అయితే కొబ్బరి తురుముతూ తలెత్తి, "అయితే ఏం చెయ్యమంటావే ఇప్పుడు?" అని అడిగింది. నేను ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. "విగ్రహాలకు పెట్టినవి నువ్వు తినవు గదమ్మా? సూర్యుని పండక్కి చేసినవి గూడా అంతే. ఈసారి నేను కజ్జికాయలు తినను" అన్నాను. అమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వు? కజ్జికాయలు?" అంది. అంతే. ఆ రెండు మాటల్లో ఉన్న అవమానానికి నేను ఆ క్షణంలోనే ఒట్టు పెట్టుకున్నాను.

మా ఇంట్లో కజ్జికాయలు చేసే రోజున అత్త రావలసిందే. అమ్మ పూర్ణం బాగా చేస్తుంది, పుట్నాలపొడి, బెల్లం, ఎండుకొబ్బరి, గసగసాలు అన్నీ సరిగ్గా పడతాయి. కానీ అంచు మడత పెట్టడం ఆమెకు చేతకాదు. అత్త వేళ్ళు మాత్రం అంచును జడ అల్లినట్టు అల్లుకుంటూ పోయేవి. ఒక్కటి కూడా నూనెలో నోరు తెరిచేది కాదు. ఆ ఏడు కూడా అత్త వచ్చి పీట వేసుకుని కూర్చుంది. నేను గడపకు ఆనుకుని నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. రోము, సూర్యుడు, దీపాలు, కొమ్మలు. అత్త మడత పెడుతూనే వింటోంది. అమ్మ నాకు కళ్ళతో సైగ చేస్తోంది, ఆపమని. (నేను సైగలు అర్థం చేసుకునే రకం కాదు. ఇప్పటికీ కాను.)

"అంటే ఏంది కోడలా, మీది గూడా సూర్యదేవుని పండగేనా?" అంది అత్త, కళ్ళు మెరిపిస్తూ.

"మొదట్లో అదే అత్తా. తర్వాత మావోళ్ళు తీసుకున్యారు."

"ఓయమ్మ! ఈ మాట ముందే చెప్పకూడదా! ఇన్నేండ్లూ పొయ్యి కాడ చేతులు కాల్చుకోని, దేవునికి చూపీకముందే తియ్యల్ల తియ్యల్ల అని సస్తాంటి. మీదీ మాదీ ఒకటే అయినాక ఇంగ ఎత్తిపెట్టే పనేముండాది వదినా? ఈ ఉగాదికి నైవేద్యం పెట్టినాకనే పంపిస్తా!"

అత్త పకపక నవ్వింది. అది సరసం. వీధిలో ఎవరైనా చెబుతారు అది సరసమని. కానీ అమ్మ నవ్వలేదు. ఆమె ముఖం నూనెమూకుడు కంటే ఎక్కువగా వేడెక్కింది. పుట్టినప్పటి నుంచి కాపాడుకున్న పట్టింపును ఒకపక్క కూతురు, ఒకపక్క స్నేహితురాలు కలిసి పిండిలా పిసికేస్తున్నారు మరి.

"ఎత్తిపెట్టేది అంత కష్టంగా ఉంటే చెప్పకూడదా? మేమేమన్నా అడిగినామా? పంపొద్దులే ఇంగ" అంది అమ్మ.

అత్త చేతిలోని మడత ఆగింది. "కష్టమని నేనంటినా? నవ్వుతాలకు అంటి."

"నవ్వుతాల మాటేనా ఇది?"

"అట్లయితే నిజం మాటే చెప్తా, విను వదినా. మీ ఇంటి కజ్జికాయలు అన్న ప్రార్థన చేసినాకనే గదా మా ఇంటికొచ్చేది? యాడాదికొకతూరి మీ దేవునికి చూపిచ్చినవి మేము నోరు మూసుకోని తింటిమి. మాకు పట్టింపు ఉంటాదో లేదో అని ఒక్కతూరన్నా అడిగినావా? ఒక్కతూరన్నా మాకు ముందే ఎత్తిపెట్టినావా?"

మూకుడులో ఒక కజ్జికాయ మాడిపోయింది. నాకు మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, లోపల్లోపల ఒక సంతోషం: ఎంత మంచి పాయింటు! నాకెందుకు తట్టలేదు! ఈలోపు అత్త చేతులు కడుక్కుని లేచింది. వాకిలి దాటబోతూ వెనక్కి తిరిగి, "ఆ గిన్నె గూడా ఇట్లియ్యి. మాది" అంది. దసరాకు వచ్చిన గిన్నె అటక మీద బోర్లించి ఉంది. "మీదెట్లయితాది? మా యమ్మ నాకు పెట్టి పంపిన సామానులోది" అంది అమ్మ. "బాగుండాది! మా పెండ్లికి మా మేనమామ ఇచ్చినాడు!" అంది అత్త. ఆ గిన్నె ఎవరిదో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. దాని నడుముకు ప్రొద్దుటూరు సామాన్ల అంగట్లో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. చరిత్ర చదువుతున్న దాన్ని కదా, తేల్చమన్నారు. నేను వెలుతురులోకి పట్టుకుపోయి, బూడిద రుద్ది, ఒంచి చూసి, నిలబెట్టి చూశాను. ఏళ్ళ తరబడి తోమిన చేతులకు చుక్కలు అరిగిపోయి, చివరి అక్షరం ఒక్కటే మిగిలింది. 'మ్మ'. మా అమ్మ పేరు చివరా అదే, అత్త పేరు చివరా అదే, ఆ మాటకొస్తే మా వీధిలో సగం ఆడవాళ్ళ పేర్ల చివరా అదే. రోము పండుగల పుట్టుక తేల్చిన నేను పక్కింటి గిన్నె పుట్టుక తేల్చలేక తిరిగి తీసుకొచ్చి అటక మీదే పెట్టాను. అత్త వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గోడకు పైన దండెం కట్టి వాళ్ళ గొంగళి ఆరేశారు, అటు ఇటు కనపడకుండా.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. మిగిలిన కజ్జికాయలు అమ్మే మడత పెట్టింది. నూనెలో వేసిన ప్రతిదీ నోరు తెరిచి పూర్ణం కక్కేసింది. ఆ నల్లటి నూనెను అమ్మ ఒక్కతే వడకట్టుకుంది. మామూలుగా అయితే గోడ దగ్గరికి పోయి, "చూడు వదినా నా గతి" అని నవ్వుకునేది. ఇప్పుడు కరివేపాకు కావాలన్నా అంగడికి పంపుతోంది. గొంగళి అవతల అత్త గొర్రెల మీద అరిచే అరుపు వినపడితే అమ్మ చేతిలో గరిటె ఆగేది. నేను గమనించనట్టు పుస్తకం తిరగేసేదాన్ని. గెలిచిన వాదన అంత చప్పగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

అయినా పట్టు వదలకుండా, నా వైపు ఒక్క మనిషినన్నా సంపాదించుకుందామని పాస్టరయ్య దగ్గరికి పోయాను. ఆయన గుడి ముందు వెదురుబద్దలతో పెద్ద నక్షత్రం కట్టిస్తున్నాడు. అంతా విని, తలపాగాలా చుట్టుకున్న మఫ్లరు సర్దుకుని, "ఈ సంగతి నేను సెమినరీలోనే చదివినా పాపా" అన్నాడు.

"మరి?"

"పరీక్షలో గూడా అడిగినారు. బాగా రాసినా. మార్కులు గూడా బాగనే పడినాయి. ఆ మార్కులు తీసుకోని ఇంటికొచ్చి క్రిస్మస్ చేసుకుంటి."

"ఇది సమాధానం కాదయ్యా."

"సరే, నువ్వు చెప్పు. ఆదివారం ఎవురి పేరు? సూర్యుందే గదా? సోమవారం చంద్రునిది. మిగతావి గూడా అట్లాంటివే. నీకు ఏ వారమూ పనికిరాకపోతే నువ్వు గుడికి ఎప్పుడొస్తావు?" అని, నేను నోరు తెరిచేలోగా ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "అది పోనీలే గానీ, గిన్నె ఇంగా మీ ఇంట్లోనే ఉండాదంట గదా? మీ అత్త మాట్లాడతాందా లేదా?" ఊరంతటికీ తెలిసిపోయిందన్నమాట. రోము సూర్యుడి గురించి ఒక్కరికీ దిగులు లేదు. అందరికీ దిగులు ఆ గిన్నె మళ్ళీ గోడ దాటుతుందా లేదా అనే. ఆలోచిస్తే, దారి పొడవునా నేను కూడా దాని గురించే ఆలోచిస్తూ వచ్చాను.

క్రిస్మస్ పొద్దున వచ్చింది. చాప పరిచారు. వడలు, పాయసం, మాంసం కూర, నోరు తెరిచిన కజ్జికాయలు. నేను కొత్త పరికిణీ కట్టుకుని, ముఖం మాత్రం ఉపవాసంలా పెట్టుకుని గోడ వారగా కూర్చున్నాను. ఆ వాసనకు కడుపులో ఎవరో కుర్చీలు జరుపుతున్నట్టు ఉంది. నాయన కళ్ళు మూసుకోబోతుంటే అమ్మ, "ఉండండి" అంది. లేచి అటక మీది నుంచి గిన్నె దించింది. దాంట్లో కజ్జికాయలు, ఉన్నవాటిలో కాస్త నోరు మూసుకున్నవి ఏరి ఏరి, నింపి మూతపెట్టి పక్కకు జరిపింది. తర్వాత ఒక చిన్న పళ్ళెం తీసుకుని దాంట్లో కూడా కొన్ని పెట్టి, దాన్నీ చాప అవతలికి జరిపింది. "గిన్నె ఆయమ్మకు. పళ్ళెం నీకు" అంది నా వైపు చూడకుండా. "నాయన ప్రార్థన చెయ్యకముందే ఎత్తిపెట్టినా. ఇంగా ఏ పండగా కాలేదు. ఉత్త కజ్జికాయలు. తిను."

నేను వాదించడానికి ఎన్నో సిద్ధం చేసుకుని కూర్చున్నాను. తిడితే ఏమనాలో, బతిమాలితే ఏమనాలో, బైబిలు వాక్యం చూపిస్తే ఏ వాక్యం చూపించాలో. ఒక మనిషి నా పట్టింపును నమ్మకపోయినా దానికి కూడా ఒక పళ్ళెం వేసి పక్కన పెడితే ఏమనాలో సిద్ధం చేసుకోలేదు. ఒకటి కొరికాను. అంచు సరిగా లేక పూర్ణమంతా ఒళ్ళో రాలింది. నాయన జిల్లా పర్యటన మొదలుపెట్టాడు. ఆయన మైలవరం నీళ్ళ దాకా వచ్చేసరికి నా పళ్ళెం ఖాళీ.

ప్రార్థన కాగానే అమ్మ గిన్నె నా చేతికిచ్చింది. "నువ్వు పెట్టిన చిచ్చే గదా. నువ్వే పో." గొంగళి కింది నుంచి తల దూర్చి గోడ మీద గిన్నె పెట్టి, "అత్తా" అన్నాను. గొంతు నాదేనా అన్నంత మెత్తగా వచ్చింది. అత్త పెరట్లో గొర్రెపిల్లకు తుమ్మకాయలు తినిపిస్తోంది. రాలేదు. మళ్ళీ పిలిచాను. వచ్చింది. గిన్నె చూసింది, నన్ను చూసింది.

"ఏందది?"

"కజ్జికాయలు. అమ్మ పంపిచ్చింది. నాయన ప్రార్థన చెయ్యకముందే నీకని ఎత్తిపెట్టింది అత్తా. మా దేవుని కంట పడలేదు."

అత్త మూత తీసి చూసింది. చాలాసేపు చూసింది. ఇక అయిపోయింది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుంది, నన్ను కౌగిలించుకుంటుంది అనుకున్నాను. అత్త ఠక్కున మూత పెట్టి గిన్నె నా వైపు తోసింది.

"వాపసు తీస్కపో. ప్రార్థన లేకుంటే నాకెందుకివి?"

"నువ్వే గదా అంటివి, ఎత్తిపెట్టలేదని!"

"అడగలేదంటి. వద్దంటినా? అన్న ప్రార్థనలో మా గొర్రెల పేరు చెప్తాడు గదా, యాడాదికొకతూరి. మా జీవాలకు అదొక టీకా మాదిరి. మీ మామ గూడా గోడకాడ నిలబడి వింటాడు, నీకు తెలీదులే. అది పోగొట్టుకోమంటావా మమ్మల్ని? పో, చేపిచ్చుకోని రాపో."

నేను గిన్నెతో పరిగెత్తాను. నాయన అప్పటికే మాంసం కూర ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "మళ్ళీనా?" అన్నాడు. అమ్మ మాత్రం అప్పటికే కొంగు తల మీదికి లాక్కుంది. ఆమె పెదాల చివర ఏదో కదులుతోంది. నాయన ఎడమచేత్తో గిన్నె పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి దేశం లేదు, నీళ్ళు లేవు, నేరుగా గొర్రెల దగ్గరికే వచ్చేశాడు. గొర్రెలు, పొట్టేళ్ళు, పిల్లలు, మేత, కుక్కలు. ఆమెన్ అనబోతుండగా గోడ అవతలి నుంచి కేక: "ఆ కుంటి పొట్టేలును గూడా చెప్పన్నా! పది దినాలుగా సరిగా మేస్తా లేదు!" నాయన కళ్ళు తెరవకుండానే, "ఆ కుంటి పొట్టేలును కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నాడు. అమ్మకు నవ్వు ఆగలేదు. ప్రార్థనలో అమ్మ నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను, అదే చివరిసారి కూడా.

అప్పటికి అత్త గొంగళి లాగేసి గోడకు ఆనుకుని నిలబడింది. ఈసారి గిన్నె అమ్మే తీసుకుపోయి ఇచ్చింది. అత్త ఒక కజ్జికాయ తీసి, దాని అంచు తిప్పి తిప్పి చూసి, "ఎవురు మడిచినారు వదినా వీటిని? తెగిన చెప్పు మాదిరి ఉండాది" అంది. "నువ్వు మధ్యలోనే లేచి పోతివి గదా, ఇంగెట్లుంటాయి?" అంది అమ్మ. అంతే. క్షమాపణలు అనేవి మా వీధిలో ఎవరూ చెప్పుకోరు, చెప్పులూ కజ్జికాయలూ అంటూ పని కానిచ్చేస్తారు. కుంటి పొట్టేలు మేసిందా అని మీరు అడుగుతారని తెలుసు. మేసింది. (డాక్టరు కూడా వచ్చి సూది వేశాడు. ఆ ఘనత ఎవరిదో తేల్చమని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ముందుకు పోలేదు.)

ఉగాది వచ్చింది. పొద్దున్నుంచీ నేను పుస్తకం ముందు పెట్టుకుని గోడ వైపే చూస్తున్నాను. నేతి వాసన వస్తోంది, గిన్నె రాలేదు. అమ్మ ఏమీ పట్టనట్టు బియ్యం ఏరుతోంది, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. చివరికి గోడ మీద ఠంగుమని చప్పుడయింది. "వదినా! ఎత్తిపెట్టినా! ఇంగా చూపీలేదు!" నేను అమ్మ కంటే ముందు పరిగెత్తాను. నోరు ఊరుకుంటుందా? "అత్తా, నువ్వు మావి ప్రార్థన చేసినాక తింటావు. మాకు మాత్రం పూజ కాకముందే తీస్తావు. ఇది సమానం కాదు గదా?" అన్నాను.

"నాకు పడతాది, మీ యమ్మకు పడదు. దీనికి తక్కెడెందుకే? చల్లారిపోతాయి, తీస్కపో."

"మరి మీ దేవునికి కోపం రాదా? ఆయనకంటే ముందు మాకు పెడితే?"

అత్త లోపలి గదిలో దీపం వైపు ఒకసారి తిరిగి చూసి, "ఇన్నేండ్లుగా చూస్తానే ఉండాడు. కోపమొచ్చింటే ఎప్పుడో చెప్పింటాడు" అని, నైవేద్యం పెట్టడానికి లోపలికి పోయింది.

ఆ గిన్నె ఇప్పుడు పులివెందులలో నా దగ్గర ఉంది. నాకు ఉద్యోగం వచ్చి ఇక్కడికి సామాను సర్దుతుంటే, ఎవరిదో తేలనిది నీ దగ్గరే ఉండనీలే అని ఇద్దరూ కలిసి నా పెట్టెలో పెట్టారు. వాళ్ళ మధ్య తిరగడానికి మూత గట్టిగా పట్టే కొత్త గిన్నె ఒకటి కొనుక్కున్నారు. ఈసారి దాని మీద పేరు కొట్టించుకోలేదట. నా దగ్గరున్నది ఇక్కడ మా వీధిలో కొత్త గోడలు ఎక్కి దిగుతోంది. ఆ 'మ్మ' కూడా ఇప్పుడు పూర్తిగా అరిగిపోయింది. నేను గట్టిగా తోమడమే అందుకు కారణమని మా ఆయన అంటాడు. నేను ఒప్పుకోను.

పోయిన డిసెంబరులో మా కాలేజీకి చరిత్ర చెప్పడానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ముద్దనూరు వైపు పిల్ల. మాలాగే క్రైస్తవులు గానీ, క్రిస్మస్ చేసుకోని సంఘం. పండుగనాడు టీచర్లందరితో పాటు ఆమెనూ ఇంటికి పిలిచాను. వచ్చింది, కుర్చీ అంచున కూర్చుంది, పళ్ళెం వైపు చూడకుండా ఫోను తీసి, "మేడం, ఏమనుకోవద్దు. ఈ తేదీ ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసా మీకు? ఇది అసలు రోములో…" అని మొదలుపెట్టింది. నాకు తెలిసిందంతా నేనూ చెప్పాను. తేదీల మీద ఒకటి, పండితుల మీద ఒకటి, ఆదివారం మీద ఒకటి, పాస్టరయ్య దగ్గర అప్పు తెచ్చుకున్నది. ఆమె ఒక్క అడుగు వెనక్కి తగ్గలేదు. నేనూ తగ్గలేదు. (తగ్గితే నన్ను ఎవరు గుర్తుపడతారు?) మిగతావాళ్ళు తినేసి, చేతులు కడుక్కుని, మమ్మల్ని అట్లాగే వదిలేసి వెళ్ళిపోయారు. చివరికి నేను లేచి, వంటింట్లోంచి ఆ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇవి పొద్దున ప్రార్థన కాకముందే నీకని ఎత్తిపెట్టినా. ఇంకా ఏ పండుగా కాలేదు. తిని వాదించు."

ఆ పిల్ల గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది, ఇందులో మోసం ఎక్కడుందో అని వెతికింది. దొరకలేదు. ఒకటి తీసుకుని కొరికింది. మడత ఇప్పటికీ నాకు సరిగా రాదు, అమ్మ పోలికే. పూర్ణమంతా ఆమె ఒళ్ళో రాలింది. గడ్డానికి కొబ్బరిపొడి అంటుకుంది. దాన్ని తుడుచుకోకుండానే, నోటినిండా పెట్టుకునే, వేలు పైకెత్తి, "అయినా మేడం, ఈస్టరు సంగతి చూస్తే…" అంది.

నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చున్నాను. ఆ అమ్మాయిని నేను బాగా ఎరుగుదును.